మహేంద్రగిరికి రోడ్డు చాలు, ఇక నడకదారి కావాలి

ఎడిటర్ గారికి,

మా పర్లాకిమిడిలో మహేంద్రగిరి కొండ మాటెత్తితే చాలు, రోడ్డు ఇంకా వెడల్పు చేయాలి, పైన నాలుగు లాడ్జీలు కట్టాలి, అప్పుడే టూరిస్టులు వస్తారు అంటారు. టూరిస్టులు రాకేమండీ, శివరాత్రికి ఇటు ఒడిశా నుంచీ అటు శ్రీకాకుళం నుంచీ జనం విరగబడి వస్తూనే ఉన్నారు. మర్నాడు కొండ మీది కుంతి గుడి చుట్టూ ఎగిరే వాటర్ ప్యాకెట్లు, పేపర్ ప్లేట్లు ఒకసారి చూస్తే రోడ్డు వెడల్పు చేయమని ఎవరూ అడగరు.

నేను అడిగేది వేరు. వీపున బ్యాగు తగిలించుకుని మూడు నాలుగు రోజులు నడిచే దారి కావాలి. కొత్తగా కొండ తవ్వక్కర్లేదు. 1501 మీటర్ల శిఖరం మీద మొదలుపెట్టి మందస వైపు దిగి, మహేంద్రతనయ వెంట నడిస్తే బారువ దగ్గర సముద్రంలో కాళ్లు కడుక్కోవచ్చు. ఇంత ఎత్తు కొండ నుంచి సముద్రం దాకా నడిచి వెళ్లగలిగే చోట్లు తూర్పు కనుమల్లో ఎన్నున్నాయి? మధ్యలో సవర గిరిజనుల ఊళ్లు, జీడితోటలు, పనసచెట్లు, కొండచీపుర్లు కట్టలు కట్టి సంతకు మోసుకెళ్లే ఆడవాళ్లు. దారి చూపించడానికి సవర కుర్రాళ్లను మించినవాళ్లు లేరు, సవర, ఒడియా, తెలుగు మూడూ గడగడా మాట్లాడతారు. రాత్రి ఏదో ఒక ఇంటి అరుగు మీద పడుకుని, పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగి బయల్దేరితే ఆ డబ్బులు ఆ ఊళ్లోనే ఉంటాయి కదా, లాడ్జీ ఓనరుకు పోకుండా.

ఇక అసలు గొడవ బోర్డరు. కొండ ఒడిశాలోని గజపతి జిల్లాలో, దిగేది ఆంధ్రాలోని శ్రీకాకుళంలో. మా మేనల్లుడూ వాడి స్నేహితులూ ఈ మధ్య ఇలాగే దిగుదామని పర్మిషన్ కోసం వెళ్తే ఇటువాళ్లు అటు అడగమన్నారు, అటువాళ్లు ఇటు అడగమన్నారు. చివరికి ఎవరూ కాగితం ఇవ్వలేదు. పోనీ వద్దని కూడా ఎవరూ అనలేదు! కాగితం లేకుండా ఇంతంత బ్యాగులతో బోర్డరు దాటితే మా ప్రాంతంలో మొదట వచ్చే అనుమానం గంజాయి. చెక్‌పోస్టులో బట్టలు, బియ్యం, టార్చిలైటు అన్నీ నేలమీద పరిచి చూపించాల్సి వచ్చింది వాళ్లకి. పోలీసులను తప్పుపట్టను, వాళ్ల డ్యూటీ అది. కానీ రెండు రాష్ట్రాలూ ఒప్పుకునే ఒక్క పాస్ ఉంటే ఈ టెన్షన్ ఉండదు. కేరళలో అగస్త్యకూడం ఎక్కాలంటే అటవీశాఖ దగ్గర ముందే పాస్ తీసుకోవాలి, రోజుకు ఇంతమందే అని లెక్క ఉంటుంది, వెంట గైడు ఉంటాడు. అదే పద్ధతి ఇక్కడ పెట్టడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

అడవి కాబట్టి భయం లేదని చెప్పను. మందస, ఉద్దానం వైపు ఎలుగుబంట్లు మనుషుల మీద పడటం మీ పేపర్లోనే చదువుతుంటాం. మా గజపతి జిల్లా లఖారీ లోయ ఏనుగులు రాష్ట్రం బోర్డరు చూసి ఆగవు. వానాకాలం జలగలు, జారే బండలు. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే వదలాలి, గైడు లేకుండా వదలకూడదు. ఫోన్ సిగ్నల్ లోయల్లో ఉండదు గనక ఎవరు ఏ ఊళ్లో రాత్రి ఆగారో రాసుకునే పుస్తకం ఒకటి ప్రతి మజిలీలో ఉండాలి.

రోడ్డే కావాలనే వాళ్లకు ఒక మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇదే గజపతి జిల్లాలో బరఘర దగ్గర కొండచరియలు విరిగిపడి ఎంతమంది పోయారో మరిచిపోయారా? మహేంద్రగిరిని 2022లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా (బయోడైవర్సిటీ హెరిటేజ్ సైట్) ప్రకటించిందీ ఒడిశా ప్రభుత్వమే. ఆ కొండనే మళ్లీ తొలుస్తామంటే ఎలా?

ఇటు పర్లాకిమిడి, అటు శ్రీకాకుళం అటవీ అధికారులు ఒక్క పూట కలిసి కూర్చుంటే తేలే పని ఇది. ఆ కూర్చునేదేదో దసరా లోపు కూర్చుంటే ఈ చలికాలానికే దారి తెరవొచ్చు. సంక్రాంతి దాటాక అయితే ఎండలు ముదిరి గెడ్డల్లో (కొండవాగుల్లో) నీళ్లు తగ్గిపోతాయి, ఇంకో ఏడాది ఆగాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు
పర్లాకిమిడి, గజపతి జిల్లా