ఎరుపు వదిలిన సంచుల గురించి

అందరికీ నమస్కారం. ఆగస్టులో నా దగ్గర స్క్రీన్ ప్రింటింగ్‌తో ఎరుపు, నలుపు రంగుల్లో వేసిన ముగ్గు అంచు గుడ్డ సంచులు కొన్నవాళ్లు ముందుగా ఇది చదవండి. ఇంకా ఉతక్కపోతే ఉతకొద్దు. ఒక మెసేజ్ పెట్టండి, కొత్తది ఇస్తాను.

పెందుర్తిలో ఒక గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్టులుగా 60 సంచులు అడిగారు. పదిరోజుల గడువు. ఒప్పుకున్నాను. అదే రంగుతో ఇంకో 25 వేసి మీలో కొందరికి అమ్మాను. నెల తిరక్కుండా ఆ ఇంటి పెద్దావిడ ఫోన్ చేశారు. "అమ్మాయ్, సంచి నానబెడితే ఎరుపంతా నీళ్లలోకి వచ్చేసింది, తెల్ల తువ్వాలు కూడా పాడైంది" అన్నారు. కోప్పడలేదు. చుట్టాల చేతిలో పెట్టిన వస్తువు కదా, వాళ్లేమనుకుంటారోనని ఆవిడ బాధ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మిగిలినవాటిలో మూడు తీసి ఉతికి చూశాను. నలుపు చెక్కుచెదరలేదు, ఎరుపే పోయింది. తప్పు నాదే. నేను వాడేది నీళ్లతో కలిపే పిగ్మెంట్ రంగు. రంగుని గుడ్డకి పట్టి ఉంచేది అందులోని బైండర్. అది గాలికి ఆరితే చాలదు, 150 డిగ్రీల దగ్గర నాలుగైదు నిమిషాలు వేడి తగలాలి. మామూలుగా ఒక రోజంతా దండెం మీద ఆరనిచ్చి, పైన పల్చటి గుడ్డ వేసి నిదానంగా ఇస్త్రీ చేస్తాను. ఆ వారమంతా ముసురు. మన ఊళ్లో ముసురు పడితే డబ్బాలోంచి తీసిన అప్పడం ఎంతలో మెత్తబడుతుందో మీకు తెలుసు. పైగా అంచు నిండుగా రావాలని ఎరుపుని స్క్వీజీతో (స్క్రీన్ మీద రంగుని లాగే రబ్బరు పలక) రెండుసార్లు లాగాను. సంచులకి వాడే మెష్, అంటే స్క్రీన్‌కి బిగించే వల గుడ్డ, సెంటీమీటరుకి 43 దారాలది, కన్నాలు పెద్దవి, రంగు మందంగా దిగుతుంది. వేలికి అంటలేదు కాబట్టి ఆరిందనుకున్నాను. అడుగున తడి అలాగే ఉంది. ఇస్త్రీ వేడి ఆ తడిని ఆవిరి చెయ్యడానికే సరిపోయింది. గడువు తరుముతుంటే ఒక్కో సంచికి నిమిషం కూడా పెట్టలేదు. నలుపు గీతలు సన్నవి, అందుకే నిలిచాయి.

మొత్తం 85 సంచులూ నా ఖర్చుతో మళ్లీ వేస్తున్నాను. పాతది వెనక్కి ఇవ్వక్కర్లేదు, ఫొటో చాలు. గుడ్డని సమంగా వేడితో నొక్కే పాత హీట్ ప్రెస్ ఒకటి కొన్నాను. ఇకమీదట ప్రతి విడతలోనూ ఒక సంచిని సబ్బునీళ్లలో మూడుసార్లు ఉతికాకే మిగతావి బయటికి పంపుతాను. జూన్ నుంచి నవంబరు దాకా మూడు వారాల కంటే తక్కువ గడువుతో సంచుల ఆర్డరు తీసుకోను. పెళ్లికైనా, పూజకైనా సరే, దయచేసి అడగొద్దు.

సంచి ధర 20 రూపాయలు పెరుగుతోంది. బొమ్మ అచ్చు దిగడానికి స్క్రీన్ మీద పూసే, వెలుతురు తగిలితే గట్టిపడే ఎమల్షన్‌లో ఇన్నాళ్లూ బైక్రోమేట్ అనే రసాయనం కలిపేదాన్ని. చవక, త్వరగా పని అవుతుంది. కానీ అందులోని క్రోమియం క్యాన్సర్ తెచ్చే రకం. మా పాప తిరిగే ఇంట్లో, మా వీధి కాలవలోకి ఆ నీళ్లు వదలడం నాకు ఇష్టం లేదు. అందుకే క్రోమియం లేని డయాజో రకానికి మారాను. దాని ఖరీదు ఎక్కువ, వెలుతురులో ఎక్కువసేపు ఉంచాలి.

ఇక గోడ బొమ్మలు. అట్ట మీద అక్రిలిక్ పూసి, పాత పేపరు ముక్కలు అతికించి, పైన డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్‌ని స్క్రీన్‌తో వేసినవి రెండేళ్ల కిందట కొందరు కొన్నారు. పేపరు పసుపెక్కిందని ఇద్దరు చెప్పారు. నిజమే. న్యూస్‌ప్రింట్‌లో చెక్క నుంచి వచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది, వెలుతురుకి అది రంగు మారుతుంది. అతికించినదాన్ని ఊడదీయలేను. ఎండ పడని గోడకి మార్చండి, మార్పు నెమ్మదిస్తుంది. ఇప్పుడు పేపరుని ఆమ్లం లేని కాగితం మీద లేజర్ ప్రింటు తీసి వాడుతున్నాను. ఇంక్‌జెట్ అయితే జిగురు తగలగానే అలుక్కుపోతోంది. పాత శుభలేఖలు ఉంటే పారెయ్యకుండా నాకివ్వండి. నేను ఈ పని మొదట చూసింది శుభలేఖలు వేసే చిన్న షాపులోనే, ఆ బంగారు అక్షరాలు బొమ్మలో పెడితే ఎంతో బావుంటాయి.

ఎర్రమట్టి దిబ్బల మట్టి కలిపి బొమ్మ చెయ్యమని కొందరు అడిగారు. చెయ్యను. భీమిలి దారిలోని ఆ దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం, అక్కడి నుంచి గుప్పెడు కూడా తేను. ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెడాక్సైడ్ కూడా అదే, దాంతో వేసిస్తాను.

పెందుర్తి ఆవిడ 60 సంచులు ముందు, తర్వాత మిగతావి. మొదటి పది ప్రెస్ కింద నుంచి వచ్చాయి. వాటిలో ఒకటి ఇప్పుడు రెండో ఉతుకులో ఉంది. నీళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి.