అగ్నిమాపక, రక్షణ దళ సహాయ కమిటీ: ఈ ఏటి జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన వారికి, ఇస్తామన్న వారికి, లెక్క ఎప్పుడు చెబుతారని అడుగుతున్న వారికి నమస్కారం.

లెక్క రెండు నెలలు ఆలస్యమైంది. పొగలోకి వెళ్లేవారు పీల్చే సిలిండర్ల గాలికి చేయించిన పరీక్ష మూడో నివేదిక చేతికి రాకుండా పెద్ద ఖర్చు ముగిసిందని రాయలేం కాబట్టి ఆగాం. ఈలోపు "కెమెరా పేరు చెప్పి వసూలు చేసి ఇంకెక్కడో పెట్టారు" అనే మాట పుట్టింది. అందులో సగం నిజమే. పొగలోనూ వేడిని బట్టి మనిషిని చూపే థర్మల్ కెమెరా కొనలేదు. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో ఇందులో ఉంది.

అసలు అంకెల పట్టికను వోచరు నంబర్లతో సహా స్టేషన్ నోటీసు బోర్డు మీద అతికించాం. ఇక్కడ మాత్రం ఏడాది మొత్తం జమను వంద వంతులు అనుకుని, దేనికి ఎన్ని వంతులో రాస్తున్నాం.

జమ

పాత నిల్వ 9. వార్షిక గ్రాంటు 46, రెండు విడతల్లో. ఇంటింటి చందాలు 27. థర్మల్ కెమెరా నిధికి వచ్చినవి 15. పాత సామాను అమ్మకం 3. మొత్తం 100.

చందాలు పోయినేటి కంటే తగ్గలేదు, అందుకు అందరికీ కృతజ్ఞతలు. రశీదు పుస్తకాలు ఆరు వాడాం, ఆరూ తిరిగొచ్చాయి. కెమెరా నిధికి కాగితం మీద రాసిచ్చిన హామీలు 24 వంతులు, వచ్చింది 15. మిగతా 9 సంగతి చివర్లో.

ఖర్చు

డీజిలు, ఆయిలు, సర్వీసింగు: 17. బండి అంతగా తిరగదు కదా అన్నారు ఒకరిద్దరు. పంపు తిరిగేది కూడా ఆ ఇంజనుతోనే. బండి ఒకేచోట నిలబడి నీళ్లు కొట్టే గంటలు కిలోమీటర్ల మీటరులో కనబడవు.

శిక్షణ 5. బీమా 4. కరెంటు, భవనం 3. వీటి గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

హోసు పైపులు, వాటిని కలిపే కప్లింగులు, వాషర్లు: 7. 63 మిల్లీమీటర్ల డెలివరీ హోసు, 15 మీటర్లవి, 12 కొన్నాం. ఏటా చేసే పీడన పరీక్షలో పోయినవాటిలో అయిదింటిని పారేయకుండా బాగుచేశాం. హోసు ఎక్కువగా చెడేది కప్లింగుకు జానెడు దూరంలో, లేదంటే ఎప్పుడూ ఒకే చోట మడత పడిన దగ్గర. ఆ ముక్క కోసేసి, కప్లింగు మళ్లీ ఎక్కించి, తీగ బిగించి, మళ్లీ పరీక్ష పెట్టాం. అవి ఇప్పుడు 15 మీటర్లు ఉండవు కనుక, అవసరానికి పొడవు లెక్క తప్పకుండా చివర పసుపు పట్టీ చుట్టాం. పనిలో పనిగా ఒక విన్నపం: నీళ్లు నిండిన హోసు మీదుగా బండ్లు ఎక్కించకండి. లోపలి రబ్బరు పొర ఊడినా పైకి ఏమీ కనబడదు. మళ్లీ పీడనం పెట్టిన రోజున పగులుతుంది.

నుజ్జయిన బండ్లలో ఇరుక్కున్న వారిని తీయడానికి కోసే, విడదీసే హైడ్రాలిక్ కట్టరు, స్ప్రెడరు: 6. 700 బార్ల (ఒక బారు దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) దాకా పీడనం మోసే గొట్టాలు పదేళ్లు నిండినందున జత మార్చాం. కట్టరు బ్లేళ్ల అంచులకు చిన్న పెచ్చులు లేచాయి, అవీ మార్చాం. కొత్త కార్ల కప్పు మోసే స్తంభాల్లో వాడే ఉక్కు పాత బ్లేళ్లకు లొంగదు. బలవంతపెడితే బ్లేడే విరిగి ఎగురుతుంది.

నురగ ద్రావణం: 4. ఇందులో కొత్తది కొన్నదానికంటే పాతది వదిలించుకోవడానికే ఎక్కువైంది. పాత ద్రావణంలోని ఫ్లోరిన్ రసాయనాలు నేలలో, నీళ్లలో విరగవు. కాలువలో వదలడం తప్పు కాబట్టి డబ్బాలు, ట్యాంకు మూడుసార్లు కడిగిన నీళ్లు కూడా సీలువేసి అప్పగించాం. కొత్తది ఫ్లోరిన్ లేనిది. పాతదాంట్లో కలపకూడదు. చిక్కదనం వేరు కాబట్టి 97 లీటర్ల నీటికి 3 లీటర్లు సరిగ్గా కలుస్తున్నదీ లేనిదీ మిక్సరును మళ్లీ కొలిచి చూసుకోవాల్సి వచ్చింది.

రక్షణ దుస్తులు, వాటిని ఉతికే యంత్రం: 13. ఒక్కొక్కరికి రెండేసి జతలెందుకన్నారు. ఒకటి ఉతుకులో ఉండగా రెండోది ఒంటి మీద ఉండాలి గనుక. మసి పట్టిన కోటును మళ్లీ తొడుక్కోవడం ధైర్యానికి గుర్తని చాలాకాలం అనుకున్నారు. అగ్నిమాపక ఉద్యోగంలో ఒంటికి తగిలేవి క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో మొదటి వర్గంలో చేర్చింది. ఇళ్లకు తీసుకెళ్లి ఉతికితే ఆ మసి ఇంటిల్లిపాది బట్టల్లోకీ చేరుతుంది. నీళ్ల వేడి 40 డిగ్రీలు దాటకూడదు, బ్లీచింగ్ వాడకూడదు. మేడ మీద తీగలుండగా గదిలో ఫ్యాన్లు పెట్టి ఆరబెడతారేమని కూడా అడిగారు. ఎండ తగిలితే ఆ కోట్లలోని, మంటకు ఓర్చే అరామిడ్ నూలు బలం కోల్పోతుంది. అందుకే నీడన ఆరేస్తున్నారు.

టైర్లు: 9. ఇక్కడ కాస్త ఆగాలి. "బొడిపెలు కూడా అరగని టైర్లు మార్చి డబ్బు తగలేశారు" అన్నారు. అరగని మాట నిజమే. టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. మావాటి మీద 3416 అని ఉంది, అంటే 2016లో 34వ వారం. మామూలు లారీ టైరు అరిగి పోతుంది, ఫైరింజను టైరు ముసలిదై పోతుంది. 4500 లీటర్ల ట్యాంకు ఎప్పుడూ నిండే ఉండాలి కాబట్టి, బండి షెడ్డులో నిద్రపోతున్నా నాలుగున్నర టన్నుల నీళ్ల బరువు రాత్రింబవళ్లు టైర్ల మీదే. రబ్బరు ఎండి, పక్క గోడలో వెంట్రుకల్లాంటి చీలికలు వస్తాయి. అదే టైరు పిలుపొచ్చిన మరుక్షణం పూర్తి వేగంతో మలుపు తిరగాలి. ఫైరింజన్ల నిర్వహణకు అమెరికా అగ్ని రక్షణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ ప్రమాణాలు పెట్టిన హద్దు ఏడేళ్లు. మేం అది దాటించాం, ఆ తప్పు ఒప్పుకుంటున్నాం. ముందు రెండు, వెనక నాలుగు, స్టెప్నీ ఒకటి: మొత్తం ఏడు మార్చాం. పాతవి తామే కొంటామని ముగ్గురు వచ్చారు. ఎవరికీ ఇవ్వకుండా పక్క గోడలు కోసి తుక్కు కింద అమ్మాం. రేపు అవి ఇంకో బండికి ఎక్కి పేలితే ఆ పాపం మాది అవుతుంది.

బీఏ సెట్లు (పొగలోకి వెళ్లేవారు వీపున తగిలించుకునే శ్వాస పరికరాలు), గాలి సిలిండర్లు, వాటిని నింపే కంప్రెసరు: 28

పేచీ అంతా ఇక్కడే. ముందుగా పంపకం: కొత్త సిలిండర్లు ఆరు, 17. పాత ఎనిమిదింటికి నీటి పీడన పరీక్ష, 3. కంప్రెసరు ఫిల్టర్లు, గాలి పీల్చే గొట్టం మార్పు, 5. గాలి నమూనా పరీక్షలు మూడు, 1. ముఖ తొడుగుల సీళ్లు, నిశ్వాస వాల్వులు, డయాఫ్రములు, 2.

దళంలో ఉన్నవి 14 కార్బన్ ఫైబరు సిలిండర్లు, 6.8 లీటర్లవి, 300 బార్లు. వాటిలో ఆరింటికి తయారీదారు ఇచ్చిన 15 ఏళ్ల ఆయుష్షు ఈ ఏడాది తీరింది. బయటికి గీత కూడా లేదు, తళతళలాడుతున్నాయి. కానీ గడువు దాటాక నింపడానికి లేదు. మిగతా ఎనిమిదికి అయిదేళ్లకోసారి చేయించే నీటి పరీక్ష గడువు కూడా ఇప్పుడే వచ్చిపడింది. 450 బార్లకు నీళ్లతో ఒత్తి, సిలిండరు ఎంత ఉబ్బి ఎంత వెనక్కి తగ్గిందో కొలుస్తారు. నాలుగేసి చొప్పున పంపితే స్టేషనులో మిగిలేవి నాలుగే. లోపలికి ఇద్దరు వెళితే, వాళ్లను తీసుకురావడానికి బయట ఇద్దరు సెట్లు తగిలించుకుని సిద్ధంగా ఉండాలి. ఆ నలుగురికి నాలుగూ సరి. మార్చుకోవడానికి ఒక్కటీ మిగలదు.

ఒక సిలిండరు ఎంతసేపు వస్తుందో కూడా చెప్పాలి, చాలామంది గంట అనుకుంటున్నారు. 6.8ని 300తో గుణిస్తే 2040 లీటర్లు. అంత పీడనంలో గాలి గుణకారం ప్రకారం నడవదు, చేతికొచ్చేది 1850 చిల్లర. నిమిషానికి 40 లీటర్లు పీల్చితే 45 నిమిషాల పైచిలుకు. హోసు భుజాన వేసుకుని మెట్లెక్కే మనిషి 60 పైనే పీలుస్తాడు, అప్పుడు అరగంట. 55 బార్ల దగ్గర ఈల మోగుతుంది. ఈల మోగేసరికి బయట ఉండాలి, అప్పుడు బయలుదేరడం కాదు. రానూ పోనూ దారి తీసేస్తే లోపల పనికి దొరికేది పావుగంటో, ఇంకాస్తో. కాబట్టి రెండో సిలిండరు లేదంటే రెండోసారి లోపలికి వెళ్లడం లేదు.

ఈ పరిస్థితిలో కెమెరా నిధిలో ఉన్నది 15. కెమెరా, చార్జరు, రెండో బ్యాటరీ కలిపి 22 అడిగారు. అంటే కెమెరాకు చాలదు, సిలిండర్లకైన 17లో చాలావరకు సరిపోతుంది. నిధికి ఇచ్చిన ప్రతి ఒక్కరినీ అడిగాం. 12 వంతులకు సంతకాలు వచ్చాయి, ఆ కాగితాలు ఫైల్లో ఉన్నాయి. 3 వంతుల వారు ఒప్పుకోలేదు. అది వారి హక్కు, ఆ డబ్బు వేరే ఖాతాలో కదలకుండా ఉంది. థర్మల్ కెమెరా వద్దని మేం ఎక్కడా అనలేదు. పొగలో పడి ఉన్న మనిషిని చూపిస్తుంది, గోడ వెనక రాజుకుంటున్న చోటు జాడ చెబుతుంది. కానీ అద్దం అవతలిది చూపదు, అద్దంలో మన వేడినే మనకు చూపిస్తుంది. అన్నిటికీ మించి, అది పట్టుకుని లోపలికి వెళ్లే మనిషికి ముందు గాలి కావాలి.

ఉక్కు సిలిండర్లయితే చవక కదా అన్నారు. చవకే. అంతే గాలికి దాదాపు రెట్టింపు బరువు. ఆ బరువు మోసే మనిషి ఎక్కువ గాలి పీలుస్తాడు, మిగిలిన డబ్బు అతని ఊపిరిలోంచి పోతుంది.

ఇక ఆలస్యం. సిలిండర్లు సమయానికే వచ్చాయి, వాటిలో నింపే గాలే ఆలస్యం చేసింది. మొదటి నమూనాలో విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ 5 పీపీఎం (పది లక్షల్లో 5 వంతులు) హద్దు దాటింది. ఫిల్టరు పాతదైందనుకుని మార్చాం. రెండోదీ ఫెయిలు. ఇక్కడ పొరపాటు కమిటీదే: మాది కరెంటు మోటారుతో నడిచే కంప్రెసరు, ఇంజను పొగ ఉండదు కదా అని బొగ్గు, తేమ పీల్చే గుళికలు మాత్రమే ఉన్న చవక ఫిల్టరు కార్ట్రిడ్జి తెప్పించాం. బొగ్గు నూనె వాసనను పడుతుంది, మోనాక్సైడును పట్టదు. దాన్ని మామూలు కార్బన్ డయాక్సైడుగా మార్చేది హాప్కలైటు అనే పొర, అది ఉన్న కార్ట్రిడ్జికి ధర ఎక్కువ.

పొగ ఎక్కడిది? కంప్రెసరు గాలి పీల్చే గొట్టం మూతి వెనక గోడకు, నడుం ఎత్తులో ఉంది. అదే గోడకు అవతల రోజూ ఉదయం ఫైరింజను పది నిమిషాలు వేడెక్కిస్తారు. సరిగ్గా ఆ వేళకే సిలిండర్లు నింపడం అలవాటు. గొట్టాన్ని కప్పు మీదికి తీసుకెళ్లి, మూతి కిందికి వంచి, పురుగులు దూరకుండా జల్లెడ బిగించాం. హాప్కలైటు ఉన్న కార్ట్రిడ్జి వేశాం. ఆ పొరకు తేమ తగిలితే చచ్చుబడిపోతుంది, అందుకే తేమ పీల్చే గుళికలు దానికి ముందు వరసలో ఉండాలి. తేమ సిలిండరులోకి పోయినా చేటే: సెట్టులో పీడనం తగ్గించే రెడ్యూసరులో అది ఒక్కసారిగా దిగినప్పుడు చలికి మంచు కట్టి వాల్వు పట్టేస్తుంది. బండి వేడెక్కించే వేళ, సిలిండర్లు నింపే వేళ వేరు చేసి గోడ మీద రాశాం. దీనికి మాత్రం ఖర్చు కాలేదు. మూడో నమూనా పాసైంది.

వృథా అయిన చవక కార్ట్రిడ్జి, రెండు అదనపు పరీక్షలు మా లెక్కలోని తప్పులే, దాచడం లేదు. ఆ రోజుల్లో సిలిండర్లను ఇంకో స్టేషనుకు మోసుకెళ్లి నింపించాం. ఆ తిరుగుడు డీజిలు పై 17లో ఉంది.

గడువు తీరిన ఆరు సిలిండర్లను ఎందుకు అమ్మలేదని మరో ప్రశ్న. గాలి పూర్తిగా వదిలి, వాల్వు విప్పి, ఒంటికి రంధ్రాలు వేసి తుక్కుకు పంపాం. రంధ్రాలు వేయని సిలిండరు బయటికి పోతే ఎవరో ఒకరు నింపుతారు.

దాతల్లో కొందరు సిలిండరు మీద తమ పేరు రంగుతో రాయించమన్నారు. వీలుకాదని చెప్పినందుకు నొచ్చుకున్నట్టు తెలిసింది. రంగులోని ద్రావకం ఫైబరును పట్టి ఉంచే రెసిన్‌ను తింటుంది. పైగా రంగు కింద దెబ్బ కనబడదు. పేర్లన్నీ షెడ్డు గోడ మీద బోర్డులో రాయించాం. అక్షర దోషాలుంటే చెప్పండి, రెండు ఇప్పటికే దిద్దాం.

రానివి, నిల్వ

ఖర్చు మొత్తం 96, నిల్వ 4. అందులో 3 ఆ కెమెరా డబ్బే, ముట్టుకోం. అంటే కొత్త ఏడాది చేతిలో 1తో మొదలవుతోంది.

హామీ ఇచ్చి ఇవ్వని 9 వంతులు పదకొండు మందివి. మూడేసి సార్లు కలిశాం. "వచ్చే నెల" అన్నారు, నెలలు మారాయి. ఇద్దరు ముగ్గురైతే, కెమెరా కొనలేదు కాబట్టి ఇవ్వం అంటున్నారు. ఆ పదకొండు మందీ ఇచ్చి ఉంటే 24 అయ్యేది, కెమెరా అప్పుడే వచ్చేది. పేర్లు బోర్డు మీద పెట్టమని కొందరు సలహా ఇచ్చారు, పెట్టం. ఇప్పటికైనా ఇస్తే కెమెరా ఖాతాలోనే వేస్తాం, రశీదు మీద అలాగే రాస్తాం.

వోచర్లు 1 నుంచి 143 దాకా ఉన్నాయి. 87వది రద్దయింది, చింపలేదు, అడ్డగీతతో ఫైల్లోనే ఉంది. 112వదాని అసలు ప్రతి పోయింది. అది నురగ డబ్బాల రవాణా తాలూకు. నకలు అడిగాం, వచ్చాక అతికిస్తాం. అప్పటిదాకా ఆ మొత్తం కోశాధికారి పేరు మీద బాకీగా చూపించాం. ఫైలు స్టేషనులో ఉంది. ఎవరైనా కూర్చుని చూసుకోవచ్చు, బయటికి మాత్రం ఇవ్వం.

ఇట్లు,
సహాయ కమిటీ