నల్ల కాగితం మీద పెన్సిల్

ఒరేయ్ శీనూ,

ఉగాదికి రాయాల్సిన ఉత్తరం దసరా వెళ్లాక రాస్తున్నాను. తిట్టుకో, కానీ మధ్యలో మాత్రం ఆపకు. పాప బడిలో చేరింది, నా మోకాలు తగ్గింది, ఆఫీసు మామూలే. అమ్మ పోయిన నెల ఇండియా వచ్చేసింది, నీకు తెలిసిందే. ఇంక అసలు సంగతికొస్తాను.

జనవరిలో గోడ క్యాలెండర్ కొన్నానంటే "కొనడమేంట్రా, ఎరువుల కొట్లో ఊరికే ఇస్తారుగా" అన్నావు చూడు, అదే. స్టెండిగ్ క్యాలెండర్ అంటారు. మాసిమో విన్యెల్లి అని, ఇటలీ నుంచి న్యూయార్క్ వచ్చి స్థిరపడ్డ డిజైనర్, 1966లో చేశాడు. 1972 నాటి న్యూయార్క్ భూగర్భ రైళ్ల (సబ్‌వే) మ్యాప్ కూడా ఆయనదే. మోమా అని, న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం వాళ్లు ఈ క్యాలెండర్‌ని తమ సేకరణలో పెట్టుకున్నారు. వెడల్పు 4 అడుగులు, ఎత్తు 3 అడుగులు. మా హాల్లో ఒక గోడంతా అదే. బొమ్మ లేదు, పండగ లేదు, ఎర్ర ఆదివారం లేదు. నెల పేరు, వారాల పేర్లు, అంకెలు, అన్నీ హెల్వెటికా అనే ఫాంటులో. అంకెలు ఎంత దగ్గర దగ్గరగా ఉంటాయంటే 11లో రెండు ఒకట్లూ భుజాలు రాసుకుంటున్నట్టుంటాయి. ఒక నెల తెల్ల కాగితం మీద నల్ల అంకెలు, మర్నెల నల్ల కాగితం మీద తెల్ల అంకెలు. నెల మారితే గది వెలుగే మారిపోతుందిరా. నల్ల నెలలో మా హాలు రాత్రి వాన వెలిసిన వీధిలా ఉంటుంది. నాకు ప్రాణం అది. తగిలించడానికి ఒక శనివారమంతా పట్టింది. ఇక్కడి గోడలు లోపల డొల్ల, తట్టి చూసి చెక్క ఎక్కడుందో పట్టుకుని అక్కడే మేకు కొట్టాలి.

ఏప్రిల్‌లో అమ్మ వచ్చింది. చెప్పులు విప్పుతూనే దాన్ని చూసి "తిథులేవిరా?" అంది. లేవన్నాను. "వర్జ్యం?" అదీ లేదన్నాను. మాట్లాడకుండా వెళ్లి, పెట్టెలో తెచ్చుకున్న చిన్న పంచాంగం క్యాలెండర్ వంటింటి తలుపు వెనక తగిలించుకుంది. అయిందనుకున్నాను. వారం తిరిగేసరికి నా తెల్ల కాగితం మీద, ఒక అంకె పక్కన, పెన్సిల్‌తో "ఏకాదశి" అని ఉంది. ఇంకో చోట "పాలు 2". మనింట్లో పాల లెక్క క్యాలెండర్ మీదేగా రాసేది. నాకు ఎక్కడలేని కోపమొచ్చింది శీనూ. "అమ్మా, దీని మీద రాయకు, ఇది బొమ్మ లాంటిది" అన్నాను. గొంతు కాస్త పెంచానేమో కూడా. తనే రబ్బరు తెచ్చి తుడిచింది. మళ్లీ ఎప్పుడూ తెల్ల కాగితం మీద ఒక్క గీత పెట్టలేదు.

చింపిన నెలలు పారెయ్యను. ఇక్కడ చాలామంది ఆ కాగితాలు బహుమతులకి చుడతారు. మనం కొత్త పుస్తకాలకి అట్టలేసుకున్నట్టే. (నీ సోషల్ పుస్తకం మీద లక్ష్మీదేవి, మాస్టారి చెయ్యి గాల్లో ఆగిపోవడం... ఇంకేం రాయను.) మొన్న ఆదివారం పాప స్నేహితురాలి పుట్టినరోజుకని ఒక నల్ల కాగితం తీసి కిటికీ దగ్గర నేల మీద పరిచాను. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతోంది. కత్తెర పెట్టబోతుంటే ఏదో మెరిసింది.

తల పక్కకి వంచి చూశాను. పెన్సిల్ రాత. నల్ల కాగితం మీద ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ కనపడదురా, పక్క నుంచి ఎండ పడితేనే సాలెగూడు దారంలా మెరుస్తుంది. అంకెల మధ్య నల్లటి ఖాళీలన్నిటా అమ్మ అక్షరాలే. "పౌర్ణమి". "పాప పన్ను ఊడింది". "వాన". "వీడు రాత్రి ఆలస్యం, తినలేదు". "మందులు అయిపోతున్నాయి" అనీ ఉంది, అది నాతో చెప్పనే లేదు. నేను చూడనని, నా బొమ్మ పాడవదని, నల్ల నెలలు వచ్చేదాకా ఆగి రాసుకుంది. తను మాత్రం ఎలా చదువుకునేదో! పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని దాని పక్కన గోడకి ఆనుకుని నిలబడేది, నడుం నొప్పేమో అనుకునేవాణ్ణి.

అమ్మ ఉన్నన్నాళ్లలో మూడు నల్ల నెలలు. ఒకటి జులైలోనే ఎవరి పిల్లాడి బొమ్మ కారుకో చుట్టి ఇచ్చేశాను. దాని మీద ఏం రాసిందో... సరే, అది తలుచుకుంటే నిద్ర పట్టట్లేదు. మిగతా రెండూ చుట్టి బీరువాలో పెట్టాను. అమ్మకి ఫోన్ చేశాను, ఈ మాట మాత్రం ఎత్తలేకపోయాను.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, రెండో కాగితం మీద, 17 కింద, మిగతా వాటికన్నా గట్టిగా నొక్కి రాసిన వరుస ఒకటుంది. "శీను ఫోన్. గొంతు బాలేదు. అడిగితే చెప్పలేదు."

ఆ రోజు నాతోనూ మాట్లాడావు కదరా. అరగంట నవ్వుకున్నాం, ఆ గుడివాడ బస్సు సంగతి కూడా తీశావు. నాకేమీ తేడా తెలియలేదు. ఏం జరిగింది? పద్మ బాగుందా? డబ్బుదా, ఒంట్లోదా? ఏదైనా సరే, నాతో

పాప బస్సు వచ్చేసింది, కిందకి పరిగెత్తాలి. ఈ రాత్రి నీకు తెల్లవారేసరికి ఫోన్ చేస్తాను. ఎత్తు.

నీ
రవి