నువ్వు పారేసిన బదనిక పూసింది

విశాఖపట్నం,
మే 24

ఒరేయ్ సత్యం,

నువ్వు పంపిన సువర్ణరేఖ బుట్ట శుక్రవారం అందింది. అడుగున రెండు కాయలు నలిగాయి, మిగతావన్నీ నిక్షేపంగా ఉన్నాయి. చెల్లెమ్మ పంపిన ఆవకాయ జాడీని మాత్రం మా ఇంట్లో ఎవరి కంటా పడకుండా నా పుస్తకాల బీరువాలో దాచాను. అయితే ఈ ఉత్తరం మామిడిపళ్ళ కోసం కాదు. ఫోనులో చెబుదామంటే, మొక్కల మాట ఎత్తగానే నీకు సరిగ్గా అప్పుడే తోటలో ఏదో పని గుర్తుకొస్తుంది. కాగితం మీదైతే తప్పించుకోలేవు.

నిరుడు జూలైలో కాపు అయిపోయాక మీ తోటకు వచ్చాను, గుర్తుందా? అప్పన్న చెట్లెక్కి ఎండుకొమ్మలూ, కొమ్మల మీద మొలిచిన బదనికలూ నరికి కింద కుప్ప పోస్తున్నాడు. ఆ కుప్పలోంచి నేనొక మొక్క తీసి సంచిలో పెట్టుకుంటుంటే, "పింఛను సరిపోవడం లేదా, చెత్త ఏరుకుంటున్నావు?" అని కూలీలందరి ముందూ అన్నావు. ఆ చెత్త నిన్న పొద్దున పూసింది.

ఒకే కాడకు ఏడు పూలు. ఒక్కొక్కటి నా అరచేతి గుంటలో సరిగ్గా ఇముడుతుంది. వెనక నుంచి చూస్తే తెలుపు. ముందు నుంచి చూస్తే పసుపు మీద గోధుమరంగు గళ్ళు, అచ్చం మీ నాన్నగారు అరుగు మీద కూర్చున్నప్పుడు కట్టుకునే లుంగీలా. మధ్యలో పెదవిలా కిందికి దిగిన రేకు మాత్రం వంగపండు రంగులో ఉంది. ఎండ కాస్త ఎక్కాక బాల్కనీ అంతా తియ్యటి వాసన. మా ఆవిడ ఊదొత్తులు ఎవరు వెలిగించారని అడుగుతూ ఇల్లంతా తిరిగింది.

అదొక ఆర్కిడ్, పేరు వాండా టెస్సెలాటా. టెస్సెలాటా అంటే గళ్ళు గళ్ళుగా ఉన్నదని. దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు ఎక్కడో లండన్‌లో కూర్చుని చేయలేదురా, మన సామర్లకోటలో ఏళ్ళ తరబడి మొక్కలు పెంచుకుంటూ బతికిన ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్. 1793లో కలకత్తా బొటానికల్ తోటకు వెళ్ళిపోయేదాకా ఆయన మకాం మన తీరంలోనే. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795లో రావడం మొదలైంది, అందులో ఉంది ఈ మొక్క. ఇక వాండా అనే మాట సంస్కృతంలోని 'వందా' నుంచి వచ్చింది. చెట్ల మీద మొలిచే మొక్కలకు ఆ పేరు. కలకత్తాలో జడ్జీగా ఉన్న విలియం జోన్స్ దాన్ని అలాగే ఉంచేశాడు. నా చెవికి మన బదనిక కూడా ఆ మాటకు చుట్టంలాగే వినిపిస్తుంది. అంటే అప్పన్న కత్తి పట్టుకుని "బదనిక" అని అరిచినప్పుడల్లా దాని శాస్త్రీయ నామాన్ని సగం సరిగ్గానే పలుకుతున్నాడన్నమాట!

తిరకాసు అక్కడే ఉంది. మీ తోటలో బదనిక అనే ఒకే పేరుతో రెండు వేరువేరు జాతుల్ని నరికేస్తున్నారు. ఒకటి నిజంగా దొంగ. పిట్టలు దాని పండు తిని జిగురుగింజను కొమ్మకు రాస్తాయి. అది మొలిచి కొమ్మలోపలికి వేర్లు దించి చెట్టు రసం తాగుతుంది. అతుకు దగ్గర కొమ్మ కణితిలా ఉబ్బి ఉంటుంది. దళసరి ఆకులు, గొట్టాల్లాంటి ఎర్రటి పూలు. దాన్ని నరకండి, కొమ్మతో సహా నరకండి, నేను అడ్డురాను. రెండోది నాది. పట్టీల్లాంటి పొడుగాటి ఆకులు రెండు వరసల్లో ఎదురెదురుగా ఉంటాయి. లావుపాటి తెల్లటి వేర్లు బెరడు మీద పాకుతాయి తప్ప లోపలికి ఒక్క సూదిమొన కూడా దిగవు. అది చెట్టు దగ్గర తీసుకునేది నిలబడే చోటు మాత్రమే. తిండి వానలోంచి, ఆకుల దుమ్ములోంచి, పిట్టల రెట్టలోంచి. అద్దె కట్టని మాట నిజమే, కానీ వంటింట్లోకి రాదు. దొంగకు వేసిన శిక్ష పక్కింట్లో అద్దెకున్న బడిపంతులుకు వేస్తే ఎలారా?

పైగా అది ఆ కొమ్మ మీదికి చేరడం ఎంత కష్టమో తెలుసా? ఆర్కిడ్ కాయ ఒక్కటి పగిలితే లక్షల గింజలు ఎగురుతాయి. అవి గింజలా, పొడుమా అన్నట్టుంటాయి. కందిగింజలోనో చిక్కుడుగింజలోనో పసిమొక్కకు తల్లి మూటకట్టి పెట్టిన తిండి ఉంటుంది కదా, వీటిలో అదేమీ ఉండదు. గాలిలో కొట్టుకుపోయి ఏదో బెరడు మీద వాలాలి. అక్కడ సరైన బూజు ఉండాలి. ఆ బూజు లోపలికి వచ్చి అన్నం పెడితేనే మొలక. లేకపోతే అంతే. యూరప్‌లో తోటమాలులు ఏళ్ళ తరబడి ఈ గింజలు చల్లి చల్లి తలలు పట్టుకున్నారు. 1922లో లూయిస్ నడ్సన్ అనే అమెరికన్ ఆచార్యుడు చక్కెర కలిపిన జెల్లీ మీద, బూజు సాయం లేకుండానే వీటిని మొలిపించవచ్చని చూపించాడు. ఈరోజు నర్సరీల్లో దొరికేవాటిలో చాలావరకు ప్రయోగశాల సీసాల్లో కళ్ళు తెరిచినవే. మీ చెట్టు మీదిది మాత్రం సీసా ఎరగదు. లక్షల్లో ఒకటిగా బతికి బట్టకట్టి, పూతకొచ్చేదాకా ఏళ్ళకేళ్ళు అక్కడే కూర్చుంది. నీ చెట్టుకు ఒక్క కాయ కూడా తగ్గించకుండా.

ఈ పిచ్చి నాకు ఎప్పుడు పట్టిందో నీకు ఎప్పుడూ చెప్పలేదు. గువాహటి బ్రాంచిలో ఉన్న రోజుల్లో, ఏప్రిల్‌లో బిహు పండక్కి అక్కడి ఆడవాళ్ళు సిగలో ఒక పూలకంకి పెట్టుకునేవారు. తెలుపు మీద గులాబీ చుక్కలు, నక్కతోకలా వేలాడుతూ. కపౌ ఫూల్ అంటారు. మల్లెలూ కనకాంబరాలూ తప్ప ఎరగని మా ఆవిడ దాన్ని చూసి, పొరుగింటావిడను అడిగి ఒకటి తెచ్చుకుని జడలో పెట్టుకుంది. ఆ రోజు నేను ఆఫీసుకు అరగంట ఆలస్యంగా వెళ్ళాను. ఇంతకంటే రాయను. తర్వాతెప్పుడో తెలిసింది, అదే జాతి మన తూర్పు కనుమల్లోనూ ఉందని. అరకు దారిలో ఎన్నిసార్లు పోయి ఉంటాం మనం! తల పైకెత్తి చూశామా? బొంగులో చికెన్ ఎక్కడ దొరుకుతుందా అని పక్కకే చూశాం.

రిటైరయ్యాక కడియపులంక వెళ్ళి మొదటి మొక్క కొన్నాను. ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్, నాలుగు వందల యాభై రూపాయలు. చిమ్మటలు వరసగా వాలినట్టుండే తెల్లటి పూలు. ఇంటికి తెచ్చి ఏం చేశానో తెలుసా? మన ఇళ్ళల్లో పుట్టినవాడు ఏం చేస్తాడో అదే. ఎర్రమట్టి, చివికిన పేడ, ఇంత వేపపిండి కలిపి పెద్ద కుండీలో పాతి, పూటకో చెంబు నీళ్ళు పోశాను. నలభై రోజుల్లో పోయింది. పీకి చూస్తే వేర్లన్నీ కుళ్ళిన అరటితొక్కలు. మా ఆవిడ చూసి, "పస్తులతో చచ్చిన మొక్కను చూశాను కానీ, మర్యాదలతో చచ్చినదాన్ని ఇప్పుడే చూస్తున్నా" అంది.

ఆ వేర్లకు కావలసింది మట్టి కాదు, గాలి. వాటి పైన మెత్తటి స్పాంజిలాంటి తెల్ల పొర ఉంటుంది. వాన పడితే క్షణాల్లో పీల్చుకుంటుంది, తడిసినప్పుడు లోపలి ఆకుపచ్చ బయటికి కనిపిస్తుంది, ఆరితే మళ్ళీ వెండిరంగు. ఇది తెలిశాక నీళ్ళు ఎప్పుడు పోయాలన్న ప్రశ్నే లేదు. వెండిగా ఉంటే పొయ్యి, పచ్చగా ఉంటే పోయకు. ఇప్పుడు నా కుండీల్లో ఉన్నవి బొగ్గుముక్కలు, పెంకుముక్కలు, నానబెట్టిన కొబ్బరి పీచు. వాండాలకైతే అదీ లేదు, చెక్కబుట్టలో వేర్లు గాలికి వేలాడుతుంటాయి. ఎరువు మీ తోటలో వాడే 19-19-19 సంచిలోదే. లీటరుకు అర గ్రాము, వారానికోసారి, చిలకరింపుగా. సంచి చూసి నువ్వు నవ్వుతావు, ఇరవై ఏళ్ళకు సరిపోతుంది. మన సముద్రపు ఉక్కపోత మనుషుల్ని చంపుతుంది కానీ వీటికి పండగ. ఫెలనాప్సిస్‌కు ఆకుల నడిమిన నీళ్ళు నిలిస్తే మాత్రం మొవ్వు కుళ్ళుతుంది. నాకు అలా ఇంకో రెండు పోయాయి. పిండినల్లి వస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్క ఆకూ తుడుస్తాను. అదే సమయానికి నువ్వు టీవీలో చర్చలు చూస్తూ ఉంటావు. ఎవరి పని మేలో నువ్వే చెప్పు.

డిసెంబరులో మా ఇంట్లో పందాలు జరుగుతాయి. రాత్రులు చల్లబడి కొన్ని వారాలు గడిస్తే ఫెలనాప్సిస్ ఆకుల మొదట్లోంచి పచ్చటి మొటిమ ఒకటి బయటికొస్తుంది. అది వేరా, పూలకాడా? కొన నున్నగా గుండ్రంగా ఉంటే వేరు. ఒక పక్క చీలి, బొటనవేలు విడిగా ఉన్న చేతితొడుగులా ఉంటే కాడ. మొదటి వారం దేవుడికి కూడా తెలియదు. కిందటేడాది మా ఆవిడ అయిదుకు నాలుగు సరిగ్గా చెప్పింది, నేను రెండు. ఓడినవాడు వారం రోజులు పొద్దున కాఫీ కలపాలి. నా కాఫీ సంగతి నీకు తెలుసు కాబట్టి, ఇద్దరం ఓడినట్టే.

ఇంకో విచిత్రం. ఈ మొగ్గలు పూసేముందు తలకిందులవుతాయి. పెదవి మొదట పైకి ఉంటుంది. మొగ్గ పెరుగుతూ పెరుగుతూ తొడిమ నెమ్మదిగా మెలితిరిగి, సగం చుట్టు తిరిగి, విచ్చుకునేసరికి పెదవి కిందికి వస్తుంది. పురుగు వాలడానికి అరుగు వేసినట్టు. మీ బదనిక మొగ్గల్ని నేను రోజూ పొద్దున కాఫీ తాగుతూ ఫొటో తీశాను. వరసగా పెట్టి చూస్తే, పిలవగానే వెనక్కి తిరిగి చూస్తున్నట్టే ఉంది.

తినడానికి పనికిరాని మొక్క అంటావు కదా, దానికీ జవాబుంది. మొన్న మనవరాలి పుట్టినరోజుకు నువ్వు రెండుసార్లు అడిగి వేయించుకున్న వెనిలా ఐస్‌క్రీం అసలు రుచి ఎక్కడిదనుకున్నావు? వెనిలా ఆర్కిడ్ తీగే. మెక్సికో నుంచి తీగను ఎక్కడెక్కడికో తీసుకెళ్ళి నాటారు, పెరిగింది, పూసింది, కాయ మాత్రం కాయలేదు. పువ్వు ఒక్క పూట నిలిచి రాలిపోయేది. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ అనే పన్నెండేళ్ళ బానిస పిల్లవాడు, సన్నటి పుల్లతో పువ్వులోని చిన్న తెరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని నొక్కి కాయ కాయించాడు. పెద్ద పెద్ద పండితులకు కూడా చిక్కని, తోట పనికి ఒదిగే కిటుకు! ఇవాళ్టికీ ప్రపంచంలో దాదాపు అన్ని వెనిలా తోటల్లోనూ చేతులతో చేసేది ఆ పనే. స్వేచ్ఛ వచ్చాక వాడికి ఆల్బియస్ అని ఇంటిపేరు పెట్టారు కానీ, డబ్బు మాత్రం ఎవరూ పెట్టలేదు. బీదగానే పోయాడు. నేను ఐస్‌క్రీం తిన్నప్పుడల్లా వాడి బొటనవేలు గుర్తొస్తుంది. నీ సరదా పాడుచేయాలని కాదు, చెప్పాలనిపించింది.

అన్నట్టు ఆర్కిడ్ అనే మాటకు అర్థం తెలుసా? కొన్ని జాతులకు నేలలో జంట దుంపలుంటాయి. గ్రీకులు వాటిని చూసి మగవాళ్ళ శరీరంలో ఒక జంట అవయవం పేరు పెట్టారు. ఏదో నువ్వే ఊహించుకో, ఈ పేరా మాత్రం చెల్లెమ్మకు చదివి వినిపించకు. ఇరవై ఎనిమిది వేల జాతుల మహా వంశానికి దొరికిన ఇంటిపేరు అది!

సరే, అసలు విషయానికి వస్తాను. జూలైలో మళ్ళీ అప్పన్న చెట్లెక్కుతాడు. ఈసారి ఎక్కేముందు రోజు నాకు కబురు పెట్టు, మొదటి బస్సుకే వస్తాను. కొమ్మల మీద ఏది దొంగో ఏది పంతులో వాడికి నేనే చూపిస్తాను. వీలైతే పంతుళ్ళున్న కొమ్మలకు ఎర్రగుడ్డ కడదాం. నేను ఎత్తుకొచ్చిన ఈ మొక్కను కూడా పూలు రాలాక తెచ్చి నీ చెట్టుకే కట్టేస్తాను, కొబ్బరితాడుతో. బాల్కనీలో బాగానే ఉంది కానీ, మీ చెట్టు మీద దానికి గాలి వేరు.

ఇంకొకటి. బావి పక్కన పెద్ద బంగినపల్లి ఉంది కదా, దాని ఉత్తరపు కొమ్మ మీద నిరుడు ఇలాంటిదే ఇంకొకటి చూసినట్టు గుర్తు. అప్పన్న కత్తికి అందనంత ఎత్తులో ఉంది కాబట్టి బతికే ఉండాలి. ఈ ఉత్తరం చదవగానే వెళ్ళి చూడు. కాడ వచ్చి ఉంటే ఎన్ని మొగ్గలో లెక్కపెట్టి రాయి. కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళు.

నీ
మూర్తి