ఆఫ్రికా వెళ్లేవారికి ఎల్లో ఫీవర్ టీకాతో పాటు మలేరియా మాట కూడా చెప్పాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఆఫ్రికా దేశాల్లో పనులున్నాయంటూ పత్రికల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ వచ్చే ప్రకటనలను కొంతకాలంగా గమనిస్తున్నాను. బోరుబండ్ల మీద డ్రిల్లర్లు, హెల్పర్లు, రోడ్డు పనులకు మెషీన్ ఆపరేటర్లు, మందుల కంపెనీలకు సేల్స్ మనుషులు, దుకాణాలకు అకౌంటెంట్లు కావాలని అడిగే ఆ ప్రకటనల్లో జీతం, భోజనం, వసతి, విమానం టికెట్టు అన్నీ వివరంగా ఉంటాయి. ఆరోగ్యం సంగతికి వచ్చేసరికి ‘ఎల్లో ఫీవర్ కార్డు తప్పనిసరి’ అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. వెళ్లేవారు కూడా టీకా వేయించుకున్నట్టు ఇచ్చే ఆ పసుపు కార్డు చేతికి రాగానే ఆరోగ్య జాగ్రత్తలన్నీ పూర్తయినట్టే భావిస్తున్నారు. ఉగాండా, ఘనా, నైజీరియా, కాంగో వంటి దేశాలకు వెళ్లే మనవాళ్ల ప్రాణాలకు పెద్ద ముప్పు మలేరియా నుంచి ఉండగా, బయలుదేరే ముందు దాని గురించి ఎవరూ ఒక్క మాటైనా చెప్పకపోవడం నన్ను కలవరపెడుతోంది.

నేను ఉత్తరాంధ్రలో మలేరియా విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి పదవీ విరమణ చేశాను. పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చే రక్తపూతలు, అంటే గాజు పలక మీద పూసిన రక్తపు చుక్కలు, చూడటంలోనే నా సర్వీసులో ఎక్కువ భాగం గడిచింది. మైక్రోస్కోపు కింద ఎర్రకణాల్లో సన్నని ఉంగరాల్లా కనిపించే ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవి ఎంత వేగంగా పెరుగుతుందో, పొద్దున తన కాళ్ల మీద నడిచి వచ్చిన మనిషిని మర్నాటికి స్పృహ తప్పే స్థితికి ఎలా తెస్తుందో దగ్గరగా చూశాను. ఆఫ్రికాలో మలేరియా అంటే చాలావరకు ఆ ఫాల్సిపారమే.

ఎల్లో ఫీవర్ టీకా అక్కర్లేదని నా ఉద్దేశం కాదు. పగటిపూట కుట్టే ఈడిస్ దోమ ద్వారా వచ్చే ఆ వైరస్ జబ్బుకు ప్రత్యేకమైన మందు లేదు. అది ముదిరి కామెర్లు, రక్తస్రావం మొదలైనవారిలో దాదాపు సగం మంది వారం, పది రోజుల్లో చనిపోతారు. టీకా మాత్రం ఒక్క మోతాదు వేయించుకుంటే చాలు, జీవితాంతం రక్షణ ఉంటుంది. 2016 జూలై 11 నుంచి సర్టిఫికెట్ కూడా జీవితాంతం చెల్లుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధన మార్చింది కాబట్టి, పదేళ్లు దాటిందని మళ్లీ సూది వేయించుకోమనే ఏజెంట్ల మాట నమ్మనక్కర్లేదు. కానీ సూది వేసిన పది రోజుల తరువాతే ఆ సర్టిఫికెట్ చెల్లుబాటులోకి వస్తుంది. ఒక్కో సీసాలో అనేక మోతాదులు ఉంటాయి, విప్పాక కొన్ని గంటల్లోనే వాడెయ్యాలి. అందువల్ల టీకా కేంద్రాలు చాలావరకు నిర్ణీత రోజుల్లో, ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికే వేస్తాయి. టికెట్టు కొన్నాక కేంద్రానికి పరుగెత్తితే ఈ రెండు లెక్కలూ కుదరవు. ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. అందుచేత కోడిగుడ్డు పడక తీవ్రమైన ఎలర్జీ వచ్చేవారు, క్యాన్సర్ మందుల వల్లగానీ హెచ్‌ఐవీ వల్లగానీ రోగనిరోధక శక్తి తగ్గినవారు, గర్భిణులు, 60 ఏళ్లు దాటినవారు తమ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పి, వారి సలహా ప్రకారం నడుచుకోవాలి. తొమ్మిది నెలలలోపు పసిపిల్లలకు సాధారణంగా ఈ టీకా వేయరు.

డబ్బిస్తే సూది లేకుండానే కార్డు మీద ముద్ర వేయించి పెడతామనే మధ్యవర్తులు ఉన్నారని కూడా విన్నాను. అలాంటివారి మాట వినేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. 2015 డిసెంబరులో అంగోలా రాజధాని లువాండాలో ఎల్లో ఫీవర్ చెలరేగినప్పుడు అక్కడ పనిచేసిన చైనా కార్మికులు జబ్బుతోనే ఇంటికి చేరారు. 2016లో చైనాలో అలా 11 కేసులు బయటపడ్డాయి. ఆసియా ఖండం ఎల్లో ఫీవర్ కేసులను చూడటం అదే మొదటిసారి. మన ఊళ్లలో డెంగీని మోసుకు తిరిగే ఈడిస్ దోమే ఆ వైరస్‌ను కూడా మోయగలదు. టీకా లేకుండా ఆ దేశాల నుంచి వచ్చినవారిని మన విమానాశ్రయాల్లో ఆరు రోజుల వరకు విడిగా ఉంచే నిబంధన అందుకే పెట్టారు. కార్డు అడగడంలోని ముఖ్య ఉద్దేశం జబ్బు ఒక దేశం నుంచి మరో దేశానికి పాకకుండా చూడటం. మలేరియాకు అలాంటి కార్డు లేదు. విమానాశ్రయంలో ఎవరూ అడగనిదాన్ని ప్రయాణికుడు కూడా పట్టించుకోవడం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో మలేరియాతో సుమారు 5,97,000 మంది చనిపోయారు. ఆ మరణాల్లో 95 శాతం ఆఫ్రికాలోనే. నైజీరియా, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం ఈ పట్టికలో ముందు వరుసలో ఉన్నాయి. మనవాళ్లు బోర్లు వేయడానికి, రోడ్లు పోయడానికి వెళ్లే దేశాల్లో ఇవీ ఉన్నాయి. అయినా ‘మలేరియా మాకు కొత్తా, చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కదా’ అనే ధీమా మనలో చాలామందికి ఉంది. ఆడ అనాఫిలిస్ దోమే మలేరియాను మోస్తుందన్న సంగతి లోకానికి తెలిసిందే మన సికింద్రాబాద్ నుంచి. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న అక్కడే దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టారు. అంత మాత్రాన మన ఒంటికి దాన్ని తట్టుకునే శక్తి వచ్చేయదు. అక్కడి పెద్దవాళ్లకు ఉండే కొద్దిపాటి తట్టుకునే శక్తి ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ జబ్బు పడి సంపాదించుకున్నది. కడప నుంచో కరీంనగర్ నుంచో మొదటిసారి వెళ్లిన పాతికేళ్ల యువకుడికి ఆ రక్షణ లేదు. అక్కడే పుట్టి పెరిగిన మనిషి కూడా కొన్నేళ్లు బయట ఉండి తిరిగి వెళితే ఆ శక్తి సడలిపోయి ఉంటుంది.

ఇప్పుడు వచ్చిన మలేరియా టీకాలు ఆఫ్రికా దేశాల్లోని చిన్నపిల్లల కోసం ఉద్దేశించినవి, ప్రయాణికుల కోసం కావు. మనం చేయగలిగింది ముందుజాగ్రత్త బిళ్లలు వేసుకోవడం, దోమ కుట్టకుండా చూసుకోవడం. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల బిళ్ల ఏ మందుల షాపులోనైనా తక్కువ ధరకే దొరుకుతుంది. పెద్దవారు దాన్ని బయలుదేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడ ఉన్నన్నాళ్లూ రోజూ తిండి తిన్నాక నిండుగా నీళ్లు తాగుతూ వేసుకోవాలి. ఆ దేశం విడిచిపెట్టాక కూడా నాలుగు వారాలు మానకూడదు. ఈ చివరి నాలుగు వారాల దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తున్నారు. ఇంటికి చేరాం కదా అని బిళ్లలు ఆపేస్తారు. కానీ ఆఖరి రోజు రాత్రి కుట్టిన దోమ వదిలిన క్రిమి ముందు కాలేయంలో చేరి, అక్కడ పెరిగి, ఆ తరువాతే రక్తంలోకి వస్తుంది. రక్తంలోకి వచ్చినప్పుడు దాన్ని చంపడానికి మందు ఒంట్లో ఉండాలి. గర్భిణులు, ఎనిమిదేళ్లలోపు పిల్లలు డాక్సీసైక్లిన్ వాడకూడదు. వారికి వేరే మందులు ఉన్నాయి. వారానికి ఒకసారి వేసుకునే మెఫ్లోక్విన్ మూర్ఛ, మానసిక సమస్యలు ఉన్నవారికి తగదు. ఏ మందు ఎవరికన్నది డాక్టరే నిర్ణయించాలి. పాతకాలం అలవాటు కొద్దీ క్లోరోక్విన్ బిళ్లలు జేబులో వేసుకుని వెళ్లేవారు మాత్రం దయచేసి ఆ పని చేయవద్దు. ఆఫ్రికా ఫాల్సిపారం ఆ మందుకు లొంగడం మానేసి చాలా ఏళ్లయింది. ఏడాది, రెండేళ్లు అక్కడే ఉండేవారు ఎంతకాలం బిళ్లలు వాడాలన్నది కూడా వెళ్లేముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

మందు పూసిన దోమతెర కట్టుకోవాలని అందరూ చెబుతారు. బోరుబండి మనుషుల విషయంలో అది సగం సమాధానమే. నీళ్లు పడేదాకా బండి ఆపరు. ఫ్లడ్ లైటు వెలుగులో, కంప్రెసర్ హోరులో, బురదనీళ్ల మధ్య తెల్లవార్లూ రాడ్లు దించుతూ ఉంటారు. ఉక్కకు చొక్కా విప్పేసి బనియన్‌తో పనిచేస్తారు. మలేరియా దోమ కుట్టేది సరిగ్గా ఆ వేళల్లోనే, పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా. రాత్రి షిఫ్టు చేసే మనిషికి తెర ఏం ఉపయోగం? అలాంటివారికి పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, డీట్ అనే రసాయనం ఉన్న, దోమలను దగ్గరికి రానివ్వని క్రీము, రోజువారీ బిళ్ల తప్పనిసరి. వీటిని కార్మికుడి జీతంలోంచి కాకుండా పనిలోకి తీసుకున్న యజమానే ఇవ్వాలి. హెల్మెట్టు, బూట్లు ఇచ్చినట్టే ఇది కూడా ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక తిరిగి వచ్చాక జరిగేది మరీ బాధాకరం. మా బంధువుల ఊరి కుర్రాడు ఒకడు కాంగోలో బోరుబండి మీద పనిచేసి సంక్రాంతికి ఇంటికొచ్చాడు. రెండో వారంలో జ్వరం తగిలింది. ముందు ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్, తరువాత పట్నంలో ఒక క్లినిక్‌లో వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అని సెలైన్. ప్లేట్‌లెట్లు పడిపోయేసరికి డెంగీ అన్నారు. మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ‘ఈ మధ్య ఎక్కడికైనా వెళ్లొచ్చావా’ అని అప్పటిదాకా ఏ ఒక్కరూ అడగలేదు. మూత్రం కాఫీ రంగులోకి మారి, మాట తడబడటం మొదలయ్యాక ఐసీయూలో చేర్చారు. అక్కడ రక్తపూత తీస్తే ఫాల్సిపారం కనిపించింది. ముదిరిన మలేరియాకు ఇచ్చే ఆర్టిసునేట్ ఇంజెక్షన్లతో అదృష్టవశాత్తూ బతికాడు. కానీ మూత్రపిండాలు కోలుకునేదాకా డయాలసిస్ చేయించడానికి ఆ కుటుంబం కాంగో సంపాదనంతా ఖర్చుపెట్టింది.

ఫాల్సిపారం జ్వరం మొదలై 24 గంటల్లోగా సరైన మందు పడకపోతే ప్రాణం మీదికి రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే హెచ్చరిస్తోంది. ఆఫ్రికా నుంచి వచ్చాక మొదటి నెలలో, ఒక్కోసారి మూడు నెలల దాకా, వచ్చే ఏ జ్వరాన్నైనా మలేరియా కాదని తేలేవరకు మలేరియాగానే అనుమానించాలి. డాక్టరు అడగకపోయినా ‘నేను ఫలానా దేశం నుంచి ఫలానా తేదీన వచ్చాను, రక్తపూత చేయించండి’ అని రోగే చెప్పాలి. ఒక్కసారి కిట్ పరీక్షలో లేదని వచ్చినా అక్కడితో వదిలెయ్యకూడదు. పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల తేడాతో మళ్లీ మళ్లీ పూత తీయించాలి. మొదటి పూతలో దొరకని క్రిమి మర్నాటి పూతలో దొరకడం నా అనుభవంలో ఎన్నోసార్లు చూశాను.

మిగిలినవాటిని కూడా క్లుప్తంగా చెప్పాలి. టైఫాయిడ్, ధనుర్వాతం టీకాలు వేయించుకుని వెళ్లడం మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొట్టమొదట ఆమోదించిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా హైదరాబాద్‌లోనే తయారవుతోంది కాబట్టి దొరకదన్న బెంగ లేదు. సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా ఉన్న పట్టీలో వానలు లేని పొడి కాలంలో మెదడు పొరల వాపు జ్వరం (మెనింజైటిస్) ప్రబలుతుంది. అటు వెళ్లేవారు హజ్ యాత్రికులు వేయించుకునే మెనింజైటిస్ టీకా గురించి అడగాలి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో పారే నీటి కింద పావుగంట కడిగి, ఆ రోజే ఇంజెక్షన్ వేయించుకోవాలి. ఏరు, చెరువు కనిపిస్తే దిగి మునగడం మనకు అలవాటు. విక్టోరియా, మలావి వంటి సరస్సుల్లోనూ అక్కడి చాలా చెరువుల్లోనూ నత్తల నుంచి వెలువడే బిల్‌హార్జియా పురుగు చర్మం గుండానే లోపలికి దూరుతుంది. ఆ నీళ్లలో స్నానాలు చేయకపోవడమే క్షేమం.

ఇందులో ప్రభుత్వాలకు పెద్ద ఖర్చు లేదు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో, విశాఖపట్నం పోర్టు ఆరోగ్య కార్యాలయంలో ఎల్లో ఫీవర్ టీకా వేస్తున్నారు. టీకా పడ్డాక ప్రతి ఒక్కరినీ అరగంట కూర్చోబెడతారు. వెళ్లబోయే మనిషి అధికారికంగా ఒక ఆరోగ్య ఉద్యోగి ఎదుట కూర్చునేది ఆ ఒక్కసారే. ఆ అరగంటలోనే వెళ్లే దేశాన్ని అడిగి, మలేరియా బిళ్లల చీటీ రాసిచ్చి, తిరిగొచ్చాక జ్వరమొస్తే ఏం చేయాలో తెలుగులో ముద్రించిన ఒక కాగితం పసుపు కార్డులో పెట్టి ఇవ్వవచ్చు. ఆ కాగితాన్నే డాక్టరుకు చూపించేలా రాస్తే మరీ మంచిది.

గల్ఫ్ వెళ్లే కార్మికులకు ప్రయాణానికి ముందు శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆఫ్రికా దేశాల్లో చాలావాటికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి వెళ్లే ముందు తీసుకునే ప్రభుత్వ అనుమతి, అక్కర్లేదు కనుక అక్కడికి వెళ్లేవారు ఆ శిక్షణ కంట పడకుండానే వెళ్లిపోతున్నారు. తెలంగాణలో విదేశీ ఉద్యోగాల ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఈ లోటు పూడ్చే పని చేపట్టాలని కోరుతున్నాను. జిల్లా వైద్యాధికారులు తమ పరిధిలోని ప్రైవేటు క్లినిక్‌లకూ ల్యాబులకూ జ్వరం కేసు ఓపీ చీటీ మీద ‘గత మూడు నెలల్లో విదేశీ ప్రయాణం ఉందా’ అన్న ఒక గడి చేర్చమని ఉత్తర్వు ఇవ్వాలి. విదేశీ ఉద్యోగ ప్రకటనలు వేసే పత్రికలు కూడా జీతం వివరాల కిందే మలేరియా జాగ్రత్తలు రెండు వాక్యాల్లో వేయాలని ఏజెన్సీలకు షరతు పెట్టవచ్చు. ఆ పనికి మీ పత్రికే ముందుకు రావాలని మనవి.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక మలేరియా ల్యాబ్ టెక్నీషియన్,
విజయనగరం