దొంగ రెండు నెలల్లో దొరికాడు, తాడు చేతికి రావడానికి 11 నెలలు

సంపాదకులకు నమస్కారం.

నేను ఇంట్లో మిషన్ కుట్టుకునే మనిషిని. 2024లో కార్తీక మాసం రెండో సోమవారం తెల్లవారుజామున గుడికి నడిచి వెళ్తుంటే, బైక్ మీద వచ్చిన ఇద్దరు నా మెడలో పుస్తెలతాడు తెంపుకుపోయారు. మూడు కాసులది, అంటే 24 గ్రాములు. మెడ మీద గీత వారంలో మానింది. ఆ రోజు నుంచి పసుపుతాడుకు పసుపు కొమ్ము కట్టుకుని తిరిగాను.

పోలీసులు బాగా పనిచేశారు, ఆ మాట ముందే చెప్పాలి. సీసీ కెమెరాలన్నీ వెతికి, సంక్రాంతికి నాలుగు రోజుల ముందు దొంగల్ని పట్టుకున్నారు. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పది గొలుసుల మధ్య నా తాడు రెండు ముక్కలుగా ఉంది. ఒక పుస్తెకు అంచున చిన్న సొట్ట ఉంటుంది, దాన్ని బట్టి ఫోటోలోనే గుర్తుపట్టాను. పండక్కి మెడలో వేసుకుంటాననుకున్నాను.

చేతికి వచ్చింది 2025 డిసెంబరులో.

స్టేషన్‌కు వెళ్తే, "కోర్టులో డిపాజిట్ చేసేశామమ్మా, లాయరు చేత పిటిషన్ వేయించుకోండి" అన్నారు. ఏ రోజు డిపాజిట్ చేశారో, ఏ నంబరు కిందో రాసిన కాగితం ముక్క కూడా ఇవ్వలేదు. లాయరు గారు బిల్లు అడిగారు. 1994లో పెళ్లికి చేయించిన తాడుకు బిల్లు ఎక్కడ తేను? చేసిన కంసాలి పోయి పదేళ్లయింది. పెళ్లి ఆల్బమ్ పట్టుకెళ్లాను. తర్వాత ఇంటిపన్ను రసీదులతో ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. మా మరిది, పక్కింటాయన కూలి పోగొట్టుకుని వచ్చారు, వచ్చిన రోజు జడ్జిగారు సెలవు. ఇంకో వాయిదాకు పోలీసుల కౌంటర్, అంటే నా పిటిషన్‌కు వాళ్లు రాసివ్వాల్సిన జవాబు, రాలేదు. మొత్తం తొమ్మిది వాయిదాలు తిరిగాను.

మా ఇంట్లో ఆ తాడే బ్యాంకు. ప్రతి జూన్‌లో దాన్ని తాకట్టు పెట్టి పాప కాలేజీ ఫీజు కడతాం, సంక్రాంతి నాటికి విడిపించుకుంటాం. ఈసారి తాడు కోర్టులో ఉండిపోయింది కాబట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి 60 వేలు తెచ్చాం. ఆరు నెలల వడ్డీయే 7,200 రూపాయలు. లాయరు ఫీజు, బస్సు ఛార్జీలు వేరే. దొంగతనం వల్ల పోనిది, దొరికిన సొత్తు తెచ్చుకోవడానికి పోయింది.

ఏడో వాయిదా రోజు కోర్టు వరండాలో కూర్చున్నప్పుడు, కొత్త చట్టంలో దీనికి గడువు ఉందని ఒక జూనియర్ లాయరమ్మాయి చెప్పింది. ఇంటికొచ్చాక మా పాప ఫోన్లో తీసి చదివి వినిపించింది. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 497వ సెక్షన్ అది. సొత్తు తన ముందుకు వచ్చిన 14 రోజుల్లో కోర్టు దాని వివరాల పట్టిక తయారు చేయాలి, ఫోటోలు తీయించాలి, అవసరమైతే వీడియో కూడా. ఆ పట్టిక, ఫోటోలు విచారణలో సాక్ష్యంగా పనికొస్తాయి. పట్టిక తయారైన 30 రోజుల్లోపు సొత్తు ఎవరికి అప్పగించాలో ఉత్తర్వు ఇవ్వాలి. రెండూ కలిపితే 44 రోజులు. ఆ లెక్కన నా తాడు శివరాత్రి నాటికి రావాలి.

ఇదేమీ కొత్త ఆలోచన కూడా కాదట. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. స్టేషన్లో దాచిన సొత్తును పోలీసులే మార్చేశారన్న ఆరోపణలతో గుజరాత్ నుంచి వెళ్లిన కేసది. నగలను ఏళ్ల తరబడి అట్టేపెట్టవద్దనీ, పంచనామా రాసి, ఫోటోలు తీసి, అవసరమైనప్పుడు తెచ్చి చూపిస్తామని బాండు రాయించుకుని సొంతదారుకు ఇచ్చేయాలనీ చెప్పింది. అంతకుముందు 1977లోనే, పోలీసుల కస్టడీలో ఉన్న నగలు పోతే, పోగొట్టుకున్నావిడకు 10 వేల రూపాయలు కట్టమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఇంత స్పష్టంగా ఉన్నది మాలాంటి వాళ్లకు చెప్పేవాళ్లు ఎందుకు లేరని ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది.

పోలీసు ఉన్నతాధికారులకు, హైకోర్టు పెద్దలకు నా విన్నపం. సొత్తు డిపాజిట్ చేసిన రోజే సొంతదారుకు తెలుగులో ఒక కాగితం ఇవ్వండి. అందులో కేసు నంబరు, కోర్టు, డిపాజిట్ తేదీ, గడువు తేదీ ఉంటే చాలు. 497 కింద పట్టిక ఏ నమూనాలో ఉండాలో రూల్సు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే, ఆ నమూనా తెలుగులో ఉండాలి. పాత నగలకు బిల్లులు అడగకండి. పెళ్లి ఫోటో, తాకట్టు పెట్టిన బ్యాంకు రసీదు సరిపోతాయని ఒక సర్క్యులర్ ఇవ్వండి. నా తాడు బరువు, గుర్తులు మా బ్యాంకు రసీదులోనే ఉన్నాయి, ఆ మాట ఎనిమిదో వాయిదాకు గానీ ఎవరికీ తట్టలేదు. మూడు కాసుల తాడుకు ఇద్దరు జామీనుదారులెందుకు? నా సంతకం చాలదా?

నాతో పాటు అదే వరండాలో ఒక కూరగాయలమ్మే ఆమె కూర్చునేది. ఆమె కాసు గొలుసు 14 నెలలుగా కోర్టులోనే ఉంది. సెక్షన్ నంబరు బస్సు టికెట్ వెనక రాసిచ్చాను. ఆమె చదువుకోలేదు, లాయరు గారితో తనంతట తాను మాట్లాడలేనంటోంది. వచ్చే మంగళవారం వాయిదాకు ఆమెతో నేనూ వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక గృహిణి, గుంటూరు జిల్లా