భానుమతి గారి దర్శకత్వం మాటేమిటి?

సంపాదకుల వారికి నమస్కారం.

ఆదివారం మీరు వేసే పాత సినిమాల పేజీ వదలకుండా చదువుతాను. భానుమతి గారి మీద వ్యాసం బాగానే ఉంది గానీ, పొగరు, మిస్సమ్మ గొడవ, అత్తగారి కథలు, నాలుగు పాటలు... అంతేనా?

మిస్సమ్మ ఊసు లేకుండా ఆవిడ గురించి ఎవరికీ కలం సాగదు. ఆ సినిమా నిర్మాత చక్రపాణి గారితో చెడింది, వేషం సావిత్రి గారికి వెళ్ళింది, నిజమే. ఆ సినిమా 1955లో వచ్చింది. దానికి ముందు ఏడాదే భానుమతి గారి సొంత భరణీ సంస్థ నుంచి ‘చక్రపాణి’, ‘విప్రనారాయణ’ అనే సినిమాలు రెండూ విడుదలయ్యాయి. మొదటిదానికి సంగీతం కూడా ఆవిడదే. వేషం పోయిందని దిగులుపడాల్సిన అవసరం ఆవిడకేముంది, తానే పదిమందికి వేషాలిస్తుంటే!

కొడుకు పేరున పెట్టిన సంస్థ అది. రత్నమాల, లైలా మజ్ను దగ్గర్నుంచి బాటసారి దాకా ఎక్కువ సినిమాలకు భర్త రామకృష్ణారావు గారు దర్శకులు. 1953 నాటి చండీరాణికి మాత్రం ఆవిడే దర్శకురాలు. తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ తీశారు. అందులో కవల అక్కచెల్లెళ్ళు, రెండు వేషాలూ ఆవిడవే.

నేను సినిమా హాల్లో ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ రోజుల్లో ఒకే మనిషి ఫ్రేములో ఇద్దరుగా కనిపించాలంటే కెమెరా ముందు సగం మూసి ఒకసారి తీసి, ఫిల్ము వెనక్కి తిప్పి, ఆ మూసిన సగం మళ్ళీ తీసేవారు. కెమెరా పిసరంత కదిలినా షాటు పోయినట్టే. రెండో వేషానికి నిలబడినప్పుడు ఎదురుగా మనిషి ఉండదు, ఉందనుకుని చూపు నిలపాలి. ముఖానికి రంగేసుకుని ఆ పనీ చేస్తూ, షాటు ఓకేనా కాదా తేల్చాల్సింది కూడా తానే అయితే ఎంత టెన్షనో ఆలోచించండి. ఎదురుగా హీరో రామారావు గారు. ఇక అందులోని ‘ఓ తరళా’ పాట అందరికీ తెలుసు, ఆ పాట తీసిన దర్శకురాలి పేరు అడిగితే మాత్రం తడుముకుంటారు.

సెట్లో తన మాటే చెల్లాలన్న మగ దర్శకుడిని మనవాళ్ళు క్రమశిక్షణ గలవాడంటారు. అదే పని ఈవిడ చేస్తే పొగరట! మా ఒంగోలు దగ్గర దొడ్డవరం ఆడపడుచు అని వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.

యాభైల నాటి దర్శకుల గురించి మీ పేజీలో ఎప్పుడు రాసినా బి.ఎన్. రెడ్డి, కె.వి. రెడ్డి, ఎల్.వి. ప్రసాద్ గార్ల వరుసలో ఈవిడకూ చోటివ్వండి. చండీరాణి మీద విడిగా ఒక వ్యాసం వేస్తే మరీ సంతోషం. ఈసారి ఫొటో వేసేటప్పుడు కింద ‘నటి, గాయని’ అని ఆపేయకుండా ‘దర్శకురాలు, నిర్మాత’ అని కూడా చేర్చండి.

— ఒక రిటైర్డ్ సినిమా ఆపరేటర్, ఒంగోలు